పన్నెండు గంటల వంతెన

మా వంతెనకి శంకుస్థాపన కంటే ముందు కెమెరా ప్రతిష్ఠ జరిగింది. ఇందులో ఆశ్చర్యపోవాల్సిందేమీ లేదు. శంకుస్థాపన ఫోటోలో పడాలంటే కెమెరా ముందే ఉండాలి కదా. కెమెరా పెట్టడం కూడా ఫోటోలో పడితే బాగుంటుందని ఒకరిద్దరు అన్నారు. అందుకు ఇంకో కెమెరా కావాలి, దానికి మరోటి కావాలి, ఈ లెక్కన ఏటిగట్టు చాలదని ఆ ఆలోచన మానుకున్నాం.

నా పేరు మట్టపర్తి సూరిబాబు. ఆ పనికి వర్క్ ఇన్‌స్పెక్టర్ని. గోదావరి పాయకి ఇవతల మా ఊరు, అవతల నువ్వులంక. మధ్యలో నూట ఎనభై గజాల నీళ్లు. లంక జనానికి పడవ తప్ప దిక్కు లేదు, పడవవాడు పన్నెండుమంది ఎక్కితే గాని గెడ ముట్టుకోడు. దీనివల్ల అందరికన్నా ఎక్కువ అవస్థ పడేది నర్సమ్మ మేరీ సువార్త. ప్రతి బుధవారం ఆవిడ నీలం డబ్బాలో మంచుగడ్డలు పేర్చి, వాటి మధ్య పసిపిల్లల టీకా మందు పెట్టుకుని రేవుకి వస్తుంది. పన్నెండో మనిషి వచ్చేలోగా మంచు కరిగిపోతే ఆ మందు పనికిరాదు. డబ్బా మోసుకుని వచ్చిన దారినే వెళ్లిపోవాలి. లంకలో ముప్ఫైమంది పసిపిల్లలుంటే, ఏడాదిలో అన్ని టీకాలూ వేళకి పడ్డది తొమ్మండుగురికే.

"వంతెన ఎప్పటికవుద్దండి సూరిబాబు గారూ?" అని ఆవిడ నన్ను మొదటిరోజే అడిగింది.

"రెండేళ్లకి అయిపోద్దమ్మా. ఫోటోలతో సహా," అన్నాను. ఫోటోలతో సహా అన్నమాట గర్వంగానే అన్నాను. దాచుకోవడం దేనికి.

కెమెరా ఆలోచన ప్రగతి దృశ్యీకరణ విభాగం వారిది. ఆ విభాగానికి ప్రత్యేకాధికారి మృత్యుంజయ ప్రసాద్ గారు. ప్రతిష్ఠ రోజున ఆయన గట్టు మీద నిలబడి మాకు టైమ్ లాప్స్ అంటే ఏమిటో చెప్పారు. మూడేళ్లపాటు కెమెరా కదలకుండా ఒకేచోట ఉంటుంది. ఎండకీ వానకీ బెదరకుండా రోజుకి ఒక ఫోటో తీస్తుంది. ఎండతో నడిచే సోలార్ పలక మీద పనిచేస్తుంది, తీసిన ఫోటోని తనంత తానే రాజధానికి పంపుకుంటుంది. చివరికి వెయ్యిన్నీ తొంభై అయిదు ఫోటోలు వరసగా తిప్పితే, నిమిషంన్నరలో వంతెన నీళ్లలోంచి మొలకలా లేచి వస్తుంది.

"ఈ వంతెన మీద నడిచేవారు మహా అయితే వెయ్యిమంది," అన్నారు ప్రసాద్ గారు. "దీన్ని వీక్షించేవారు కోటిమంది. మన బాధ్యత ఎటువైపు ఎక్కువుందో సిబ్బంది గ్రహించాలి."

గ్రహించాం. కెమెరాకి ఏడడుగుల లోతున పునాది తీసి, కాంక్రీటు దిమ్మె కట్టి, చుట్టూ గట్టు వెడల్పంతా పదడుగుల ఎత్తు ఇనప కటకటాలు పెట్టి తాళం వేశాం. తాళంచెవి నా మొలతాడుకి చేరింది. రోజూ పన్నెండింటికి అయిదు నిమిషాల ముందు తలుపు తీసి, అద్దం తుడిచి, పన్నెండూ అయిదుకి మళ్లీ తాళం వేసి రిజిస్టరులో సంతకం పెట్టడం నా విధి.

ఆ తర్వాత వంతెన ఎక్కడ కట్టాలన్న ప్రశ్న వచ్చింది. మ్యాపులో ఒక గీత ఉంది గాని, ఆ గీత ప్రకారం కడితే ఫోటోలో వంతెన ఓ మూలకి వస్తోంది. మూలకి వచ్చే ప్రగతి ప్రగతి కాదన్నారు ప్రసాద్ గారు. అప్పుడు కెమెరా జరపాలా, వంతెన జరపాలా అని సమావేశం జరిగింది. కెమెరా అప్పటికే కట్టేశాం. వంతెన ఇంకా కాగితం మీదే ఉంది. బుద్ధున్న వాళ్లెవరైనా ఏది జరుపుతారో అదే జరిపాం. వంతెన గీతని నలభై అడుగులు పక్కకి లాగి, కెమెరా కంటికి సరిగ్గా నడిమధ్యకి తెచ్చాం.

ఫోటో మధ్యాహ్నం పన్నెండింటికే ఎందుకంటే, నీడలు చిన్నవిగా ఉంటాయి గనక. మిగతా వేళల్లో తీస్తే రోజుకో తీరున నీడలు గెంతుతాయి. ఈ శాస్త్రం ఎవరూ కాదనరు. కాకపోతే పన్నెండింటికి మా కూలీలు అన్నం తింటారు. మొదటినెల ఫోటోలు ముప్ఫై కలిపి రాజధానిలో తిప్పి చూస్తే, ముప్ఫైరోజులూ ముప్ఫైమంది చెట్టు కింద క్యారేజీలు విప్పుకుని కూర్చున్నారు. మెమో వచ్చింది. "సదరు సిబ్బంది నెల పొడుగునా నిరంతరాయంగా భోజనం చేయుచున్నట్లు దృశ్యాధారము లభించినది. సంజాయిషీ ఇవ్వవలెను."

భోజనం ఒంటిగంటకి మార్చాం. రెండోనెల సినిమాలో అందరూ పని చేస్తున్నారు గాని, రోజుకో రంగు చొక్కా వల్ల తెర మిలమిలలాడిందట. అందరికీ పసుప్పచ్చ చొక్కాలు కుట్టించాం. మూడోనెల, చొక్కాలు బాగున్నాయి గాని మనుషులు రోజుకోచోట నిలబడటంతో మిడతల్లా ఎగురుతున్నారని రాశారు. దాంతో పన్నెండింటికి ఎవరు ఎక్కడ నిలబడాలో సున్నంతో గుర్తులు పెట్టాం. మా మేస్త్రీ నూకరాజుకి మొదటి స్తంభం పక్కన చోటిచ్చాం. చేతిలో తాపీ, ఎడంకాలు ముందుకి, చూపు ఆకాశం మీదికి. పన్నెండింటికి పది నిమిషాల ముందు నేను ఈల వేస్తే ఎక్కడి పని అక్కడ వదిలేసి వచ్చి నిలబడాలి. కలిపిన సిమెంటు ఆ సమయంలో గట్టిపడిపోయేది.

"ఇనస్పెక్టరు గారండీ, రోజూ రెండు గమేళాల మాలు ఏట్లో పారబోత్తన్నామండి," అన్నాడు నూకరాజు.

"పారబోసేది పన్నెండింటికి మాత్రం కాదు కదా?"

"కాదండి. పన్నెండుంపావుకండి."

"అయితే ఫరవాలేదు."

ఈ పద్ధతి పెట్టాక నూకరాజుకి కదలిక తగ్గి ఒళ్లు వచ్చింది. ఏడాది సినిమాలో వంతెన ఎంత లేచిందో నూకరాజు పొట్ట కూడా అంత లేచింది. ప్రసాద్ గారు దాన్ని లోపంగా ఎంచలేదు. ఎదుగుదల ఎక్కడున్నా ఆహ్వానించాలన్నారు.

వర్షాకాలంలో ఏరు పెరిగి, తగ్గి, మళ్లీ పెరిగింది. సినిమాలో ఆ ఏరు ఆయాసపడుతున్నట్టుగా ఉందని, మూడేళ్లపాటు నీటిమట్టం ఒకే తీరున నిలిపి ఉంచాలని ప్రసాద్ గారు నీటి శాఖకి రాశారు. వాళ్లు పదిరోజుల్లో జవాబిచ్చారు. "ఏటి మట్టము మా అధీనములో లేదు. తమ కెమెరా మట్టమును తగు రీతిని హెచ్చుతగ్గులు చేసుకొనగలరు." ఈ జవాబుకి ఆయన రెండు రోజులు అన్నం తినలేదని విన్నాను.

అసలు చిక్కు సెంట్రింగు దగ్గర వచ్చింది. వంతెనకి పైన కాంక్రీటు పోయాలంటే కింద చెక్కలు, గుంజలు పెట్టి ఆనించాలి, గట్టిపడ్డాక వాటిని లాగెయ్యాలి. ప్రపంచంలో వంతెన కట్టిన ప్రతివాడూ చేసేదదే. మొదటి ఖానా, అంటే మొదటి రెండు స్తంభాల నడుమ భాగం, దాని కింద చెక్కలు లాగేసిన వారానికి ప్రసాద్ గారు స్వయంగా జీపులో దిగారు.

"సూరిబాబు గారూ, పోయిన మంగళవారం దృశ్యంలో ఎంతో నిర్మాణం ఉంది. బుధవారం అందులో సగం అదృశ్యమైంది. కోటిమంది ప్రజలు దీన్ని ఎలా అర్థం చేసుకుంటారు?"

"అవి సెంట్రింగు చెక్కలండి. తియ్యాలండి."

"సాంకేతిక కారణాలు తెరమీద కనపడవు. తిరోగమనం కనపడుతుంది. ఒకసారి దృశ్యంలోకి ప్రవేశించిన వస్తువు దృశ్యం నుంచి నిష్క్రమించడానికి వీల్లేదు."

నూకరాజు తన సున్నం గుర్తు మీంచే మాట్లాడాడు, పన్నెండుకి రెండు నిమిషాలే ఉంది గనక. "చెక్కలు తియ్యకపోతే అది వంతెనెలాగవుద్దండి, పెళ్లిపందిరవుద్ది."

చివరికి మధ్యేమార్గం కుదిరింది. చెక్కలు తియ్యవచ్చు గాని రోజుకొకటి చొప్పున తియ్యాలి, అప్పుడు తగ్గడం తెలియదు. ఒక్కో ఖానాకి నూట నలభై మూడు చెక్కలు. మిగిలిన ఖానాలకి నూకరాజు తక్కువ చెక్కలతో లాగించే ఉపాయం కనిపెట్టి ఉండకపోతే మా మనవలు ఈ కథ రాసేవాళ్లు.

ఏదేమైనా రెండేళ్ల మూడునెలలకి వంతెన పూర్తయింది. లంక వైపు దిగుడు చక్కగా వేశాం. ఇవతలి వైపుకి వచ్చేసరికి వంతెన తిన్నగా వచ్చి కెమెరా కటకటాల ముందు ఎనిమిది అడుగుల దూరంలో ఆగింది. నడిమధ్యకి తెచ్చిన వంతెన నడిమధ్యకే వస్తుంది కదా. ఆ ఎనిమిది అడుగులూ, కటకటాల లోపలి చోటూ కలిపి దారి వెయ్యాలంటే కెమెరా తియ్యాలి. నేను రాజధానికి రాశాను.

జవాబు మూడు వాక్యాలు. కెమెరాను పని సంపూర్తి అయినట్లు ధ్రువీకరించిన పిమ్మటనే తొలగించవలెను. దారి వేయనిదే పని సంపూర్తి అయినట్లు ధ్రువీకరింపజాలము. కావున దారిని సత్వరమే వేసి కెమెరాను తొలగించగలరు, లేదా కెమెరాను తొలగించి దారి వేయుటకు ముందు ధ్రువీకరణ పొందగలరు.

నేను ఆ కాగితాన్ని నాలుగుసార్లు చదివాను. సువార్తకి కూడా చూపించాను. ఆవిడ అప్పటికి రెండేళ్లుగా ప్రతి బుధవారం రేవులో నిలబడి, ముందు స్తంభాలు చూసింది, తర్వాత చెక్కలు చూసింది, ఇప్పుడు మొత్తం వంతెన చూస్తోంది.

"ఇందులో ఏం రాసుందండి?" అంది.

"ఏమీ లేదమ్మా."

"అదేనండి, నాకూ అలాగే అనిపించింది," అని పడవలోకి పన్నెండో మనిషి కోసం చూస్తూ కూర్చుంది.

శ్రావణంలో వరద వచ్చింది. పడవ కట్టేశారు. మొదటి బుధవారం ఆవిడ డబ్బాతో వచ్చి తిరిగి వెళ్లింది. రెండో బుధవారం వచ్చేసరికి నువ్వులంకలో ఇద్దరు పిల్లలకి తట్టు పోసిందని అవతలి గట్టు మీంచి కేకేసి చెప్పారు. ఆ ఇద్దరూ టీకా పడని పిల్లలే. ఇంకా టీకా పడనివాళ్లు పధ్నాలుగుమంది ఉన్నారు. సువార్త డబ్బా మూత తీసి మంచు చూసుకుంది. ఆవిడ నన్ను ఏమీ అడగలేదు. అడిగి ఉంటే నిబంధన చెప్పి తప్పించుకునేవాణ్ణేమో. పదకొండూ యాభై అయిదుకి అద్దం తుడవడానికి తాళం తీశాను. నూకరాజు ఎవరూ చెప్పకుండానే ఒక సెంట్రింగు చెక్క తెచ్చి ఏటివైపు కటకటాల మీంచి వంతెన మీదికి వేశాడు. ఇంకొకటి కటకటాల లోపల నిచ్చెనలా ఇవతలికి ఆనించాడు.

"ఎక్కండమ్మా," అన్నాను.

ఎక్కింది. పన్నెండు లోపల వంతెన దాటి దిగిపోతే ఎవరికీ తెలిసేది కాదు. కానీ ఆవిడ నడిమధ్యకి వెళ్లాక ఆగింది. కమ్మీ పట్టుకుని కింద వరద నీళ్లకేసి చూసింది. రెండేళ్లు కిందనించి చూసిన వంతెన మీద నిలబడ్డ మనిషిని తొందరపెట్టడానికి నాకు నోరు రాలేదు. కెమెరా టిక్కుమంది. ఎనిమిది వందల అరవై ఒకటో ఫోటో.

ఆ రోజు పధ్నాలుగుమందికీ టీకా పడింది. సాయంత్రం ఆవిడ తిరిగి రావడానికి రెండోసారి తాళం తీసిన సంగతి రిజిస్టరులో రాయలేదు. నా సర్వీసులో నేను చేసిన తప్పు అదొక్కటే, దానికి నాకు ఈరోజుకీ సంతోషంగానే ఉంది.

మెమో నాలుగో రోజుకి వచ్చింది. "ఛాయాచిత్రము నెం. 861 నందు సదరు వంతెన వినియోగములో ఉన్నట్లు కనిపించుచున్నది. ఇట్టి పరిస్థితి ఎట్లు ఉత్పన్నమైనదో వివరింపవలెను."

ఉన్నది ఉన్నట్టు రాసి, ఉద్యోగం పోతుందని ఇంట్లో చెప్పి సిద్ధంగా కూర్చున్నాను. ప్రసాద్ గారు మళ్లీ జీపులో వచ్చారు. కోపంగా లేరు. అంతకంటే ప్రమాదంగా, ఆలోచనగా ఉన్నారు.

"ఒక్క ఫోటోలో తెల్లకోటు మనిషి హఠాత్తుగా ప్రత్యక్షమై మాయమవుతోంది. సినిమాలో ఈగ వాలినట్టుంది," అన్నారు.

"ఆ ఒక్క ఫోటో తీసేద్దామండి."

"తీస్తే వెయ్యిన్నీ తొంభై నాలుగవుతాయి. రోజు తప్పిపోయిన దృశ్యానికి ప్రామాణికత లేదు." ఆయన కళ్లు మూసుకుని చాలాసేపు ఆలోచించారు. "సవరణ ఒక్కటే. ఆవిడ ఉన్నది ఒక్క ఫోటోలో కావడం వల్ల కదా ఈగ అయింది. మిగిలిన అన్ని ఫోటోల్లోనూ ఉంటే ప్రగతి అవుతుంది."

ఉత్తర్వు ఆ సాయంత్రమే వచ్చింది. ఇకమీదట ప్రతిరోజూ సరిగ్గా పన్నెండింటికి తెల్లకోటు, నీలం డబ్బాతో ఒక ఆరోగ్య కార్యకర్త వంతెన నడిమధ్యన లంక వైపు నడుస్తూ ఉండవలెను. ఇటువైపు ముఖం పెట్టి రావడం తిరోగమనంగా భావించబడును. ఎక్కడానికి నూకరాజు వేసిన చెక్కలని తాత్కాలిక దృశ్య సామగ్రి కింద మంజూరు చేశారు.

అలా మా వంతెన రోజుకి పది నిమిషాలు, ఒక్క వైపుకి తెరుచుకుంది. బుధవారం సువార్తే వెళ్లేది. మిగతా రోజుల్లో ఆవిడకి వేరే ఊళ్లుంటాయి గనక, ఆఫీసు ఒక తెల్లకోటు, ఒక నీలం డబ్బా ఇచ్చింది. అంత దూరంలో కోటులో ఎవరున్నారో కెమెరాకి తెలియదు. లంకలో ఎవరికి అర్జెంటు పని ఉంటే వాళ్లు ముందురోజే నా దగ్గర పేరు రాయించుకునేవాళ్లు. ఆ డబ్బాలో మామిడి మొక్కలు వెళ్లాయి, బడి పిల్లల పలకలు వెళ్లాయి, ఒకసారి కోడిపిల్లలు వెళ్లాయి. తిరిగి రావడం మాత్రం పడవ మీదే. పన్నెండుమంది ఎక్కాకే.

చైత్రంలో సినిమా పూర్తయింది. రాజధానిలో పెద్ద హాల్లో వేశారు. దృశ్యంలో ముఖ్య పాత్రధారులు గనక నన్నూ, నూకరాజునీ, సువార్తనీ కూడా పిలిచారు. నీళ్లలోంచి స్తంభాలు లేచాయి. నూకరాజు పొట్ట లేచింది. చివరి ఇరవై సెకన్లూ తెల్లకోటు మనిషి వంతెన నడుమ నడుస్తూనే ఉంది. చప్పట్లు ఆగలేదు. ప్రసాద్ గారు కళ్లు తుడుచుకున్నారు.

సువార్త లేచి నిలబడి ఆయన్ని వినయంగా అడిగింది. "అయ్యా, ఇందులో నేను నడుత్తానే ఉన్నానండి. అవతలికి చేరింది ఎక్కడా కనపళ్లేదేంటండి?"



"చేరడం ఈ దశలో లేదమ్మా," అన్నారు ప్రసాద్ గారు. "రెండో దశలో ఉంది."

రెండో దశ కెమెరా వైశాఖంలో వచ్చింది. చేరడం కనపడాలంటే చేరేచోటి నుంచి తియ్యాలి గనక, లంక వైపు వంతెన దిగేచోట, సరిగ్గా నడిమధ్యన దిమ్మె కట్టారు. దిమ్మెని ఆనుకుని దిగుడు వెడల్పంతా కటకటాలు, తలుపుకి తాళం. ఆ తాళంచెవి రాజధానిలోనే ఉంది. దాన్ని మొలతాడుకి కట్టుకునే రెండో వర్క్ ఇన్‌స్పెక్టర్ పోస్టు ఇంకా మంజూరు కాలేదు. చెవి లేకుండానే కెమెరా పని మొదలుపెట్టింది, అద్దం తుడిచేవాడు లేకపోతే వానే తుడుస్తుందని రాశారు.

బుధవారం వచ్చింది. మొదటి కెమెరా ఇంకా తియ్యలేదు గనక సువార్త చెక్కల మీంచే వంతెన ఈ చివర ఎక్కి ఆ చివరికి వెళ్లింది. డబ్బా మోయడానికి నేనూ వెనకే వెళ్లాను. కటకటాలకి ఇటు మేము, అటు పదకొండుమంది తల్లులు, చంకల్లో పిల్లలు. సువార్త తాళాన్ని ఒకసారి లాగి చూసింది. తర్వాత చెయ్యి కడుక్కుని సూది తీసింది.

"ఒక్కొక్కళ్లే రండమ్మా. పిల్లాడి తొడ ఇనప చువ్వకి ఆనించి గట్టిగా పట్టుకోండి."

కటకటాల సందుల్లోంచి చెయ్యి పెట్టి పదకొండుమందికీ టీకా వేసింది. డబ్బా నేను పట్టుకున్నాను. ఆరో పిల్లాడి దగ్గర పన్నెండయింది, తలమీద కెమెరా టిక్కుమంది.

ఆ ఫోటోకి రాజధానిలో గొప్ప పేరు వచ్చిందట. దాని కింద "చేరువ" అని రాసి గోడకి పెట్టారని విన్నాను. దాంతోపాటు నాకొక మెమో వచ్చింది. "సదరు దృశ్యము నందు లబ్ధిదారులైన శిశువులు రోదించుచున్నట్లు కనిపించుచున్నది. వచ్చే బుధవారము నుండి మధ్యాహ్నము పన్నెండు గంటలకు వారు మందహాసముతో ఉండునట్లు తగు చర్యలు గైకొనవలెను."

నర్సమ్మకి చదివి వినిపించాను. ఆవిడ మంచుగడ్డలు సర్దుకుంటూ విన్నది.

"ఏడ్చారంటే మందు లోపలికి చేరినట్టేనండి," అంది. "ఆళ్లకి అలా రాసేయండి."